దువ్వెన ఎందుకు విరిగింది?

మా అన్నయ్య సియా బున్-హో కథను కథగా వినలేడు, కథగా చెప్పనూ లేడు. "అనగనగా ఒక రాజు" అని ఎవరైనా మొదలుపెడితే చాలు, "రాజే ఎందుకు? కుమ్మరి ఎందుకు కాకూడదు?" అని అడ్డుపడేవాడు. కుమ్మరి ఎందుకు కాకూడదో తేలేలోపు వినేవాళ్లు నిద్రపోయేవారు, చెప్పేవాళ్లు ఇంటికి పోయేవారు, రాజు మాత్రం పుట్టకుండానే ఉండిపోయేవాడు.

పోయేముందు కూడా ఆయన మారలేదు. జబ్బు ముదిరిందని డాక్టరు మెల్లగా చెబితే మంచం మీదే లేచి కూర్చుని, "ఈ దగ్గు మొదటి అంకంలోనే రావాలి కదండీ. ముందు సూచన లేకుండా మూడో అంకంలో రోగాన్ని దింపితే ప్రేక్షకులు ఒప్పుకోరు" అన్నాడు. పాపం ఆ డాక్టరు కుర్రవాడు. "క్షమించండి" అని చెప్పి వెళ్లిపోయాడు.

ఇలాంటి మనిషి బడిలో పాఠాలు చెప్పుకుంటే లోకానికి పెద్ద నష్టం ఉండేది కాదు. కానీ మా అన్నయ్య నాటకాల ట్రూపులో కథ చెప్పే మాస్టారు అయ్యాడు.

మా ట్రూపు తైవాన్ దక్షిణాన ఉప్పుమళ్ల ఊళ్లలో, గుళ్ల ముందు నాటకాలు ఆడేది. ఆ నాటకాలకు రాసిపెట్టిన మాటలు ఉండవు. మేం రంగులు పూసుకుంటూ ఉండగా మాస్టారు వచ్చి, ఆ రోజు నాటకం ఏది, ఎవరు ఎవరికి ఏమవుతారు, ఎవరి తర్వాత ఎవరు వెళ్లాలి, చివరికి ఏం జరుగుతుంది అన్నది చెబుతాడు. మాటలూ పాటలూ వేదికెక్కాక మేమే పుట్టించుకోవాలి. మిగతా ట్రూపుల్లో ఈ చెప్పడం ఒక సిగరెట్ కాలేంత సేపు. మా దగ్గర సిగరెట్ పెట్టెలే ఖాళీ అయ్యేవి, కథ మాత్రం మొదటి రంగం దాటేది కాదు.

"మాస్టారూ, నేను కుడిపక్క నుంచి రావాలా, ఎడమపక్క నుంచా?" అని ముల్లంగి అడిగేవాడు. ముల్లంగి మా హాస్యగాడు. ఆ ఒడ్డూ పొడుగూ తెల్లతనమూ చూసి ఎవరు పెట్టారోగాని, ఆ పేరే నిలిచిపోయింది. అసలు పేరు వాడి పెళ్లాం కూడా వాడగా నేను వినలేదు.

"ఏ పక్కనుంచి వస్తే ఏంట్రా? నువ్వు వస్తున్నావంటే లోభం వస్తున్నట్టు."

"సరే. లోభం ఏ పక్కనుంచి వస్తుందండీ?"

"అన్ని పక్కల నుంచీ."

"నేనొక్కణ్ణే కదా మాస్టారూ."

అప్పటికి బయట డోలు మొదలయ్యేది. లోభం ఏదో ఒక పక్కనుంచి పరిగెత్తి, అటునుంచి వస్తున్న మంత్రిగారిని గుద్దుకుని, ఆ గుద్దుకోవడమే ఆ రోజు నాటకంలో మొదటి నవ్వు అయ్యేది.

తెర పక్కన ఒక కాగితం అంటించడం అన్ని ట్రూపుల్లోనూ ఉన్నదే. "మొదటి రంగం, మంత్రి, కూతురు. కూతురు ఏడుస్తుంది" అని ఉంటుంది. ఏమైనా మర్చిపోతే వెళ్లి చూసుకోవచ్చు. మా అన్నయ్య అంటించిన కాగితం ఇలా ఉండేది: "మొదటి రంగం, పంజరం. రెండో రంగం, తలుపు తెరిచినా పిట్ట ఎగరదు. మూడో రంగం, మనమందరం పిట్టలమే." కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె అది చదివి, పిట్ట వేషం కోసం బట్టల పెట్టెలన్నీ తిరగేసి, దొరక్క ఏడ్చింది. ఆ రోజు ఏడవాల్సిన కూతురు వేషం ఆమెదే కాబట్టి అది వృథా కాలేదు.

ఆ అమ్మాయే ఇంకోసారి భటుడి వేషం వేసింది. పరిగెత్తుకుంటూ వచ్చి "ప్రభూ, ఖైదీ పారిపోయాడు" అనాలి. అంతే. కానీ మధ్యాహ్నమంతా అన్నయ్య దగ్గర కూర్చుని ఉంది. రాజు ముందు మోకరిల్లి, "ప్రభూ, న్యాయానికీ జాలికీ మధ్య ఒక ద్వారం తెరుచుకుంది" అంది.

ముల్లంగి ఆ రోజు రాజు. కాసేపు ఆ పిల్ల మొహంలోకి చూసి, "అంటే ఖైదీ ఉన్నాడా, పోయాడా? అది చెప్పి చావు" అన్నాడు.

ఆ ఊరి జనం ఇప్పటికీ ఆ మాట చెప్పుకుంటారు. బిందె ఎక్కడ పెట్టానో అని కోడలు వెతుక్కుంటుంటే అత్త "ఉందా, పోయిందా? అది చెప్పి చావు" అంటుంది.

నాటకాల్లోనే ఇలా ఉండి, తక్కిన వేళల్లో మామూలుగా ఉంటే సర్దుకుపోవచ్చు. గుడి వెనక పాలచేప గంజి అమ్మే అవ్వ ఒకామె ఉండేది. అన్నయ్య గిన్నె అడుగుదాకా తాగి, చెంచాతో ఒక అల్లం ముక్క పైకి తీసి, "దీన్ని అడుగున ఎందుకు వేశావు?" అని అడిగాడు.

"నేను వెయ్యలేదు బాబూ, అదే మునిగింది."

"కాదవ్వా. అసలు సంగతి ఎప్పుడూ అడుగునే ఉండాలి. తాగేవాడికి చివర్లో ఘాటు తగలాలి. నీకు తెలియకుండానే పెద్ద శిల్పం పట్టుబడింది."

అవ్వ నావైపు తిరిగి, "మీ అన్నకి పెళ్లి కాలేదు కదూ?" అంది.

కాలేదు. ఒకసారి పెళ్లిచూపులదాకా వెళ్లింది. పిల్ల పళ్లెంలో టీ కప్పులు తెచ్చి అందరికీ ఇచ్చింది. తాగి, ఖాళీ కప్పు కింద డబ్బున్న ఎర్ర కవరు పెట్టి పళ్లెంలో తిరిగి ఉంచితే సంబంధం ఖాయమైనట్టు. మా అన్నయ్య కప్పు మీద బొమ్మ చూస్తూ ఉండిపోయాడు. బొమ్మలో రెండు బాతులు.

"ఈ బాతులు ఒకదానివైపు ఒకటి చూడటం లేదు" అన్నాడు.

"టీ తాగరా" అంది మా అమ్మ పళ్లు బిగించి.

"అమ్మా, జంట బాతులు వేసినవాడు మొహాలు చెరోవైపు ఎందుకు వేశాడు? మూడోది ఎక్కడో ఉండాలి." మూడో బాతు కోసం కప్పు ఎత్తి అడుగు చూశాడు. టీ మొత్తం పిల్ల తండ్రి ఒళ్లో పడింది.

పిల్ల మాత్రం నవ్వింది. కానీ తండ్రి ప్యాంటు ఒప్పుకోలేదు. "బాతులు ముందే చెప్పాయి, వినకపోవడం మన తప్పు" అని అన్నయ్య దారంతా మాకు వివరిస్తూ వచ్చాడు.

మొదట్లో ఈ జబ్బు ఇలా వచ్చి పోతూ ఉండేది, జలుబులాగా. కొన్నేళ్ల తర్వాత ఉన్నట్టుండి భోజనాలకు పాకింది. పొద్దునా మధ్యాహ్నం ట్రూపంతా కలిసి తింటాం. అన్నయ్య అన్నం కుండ పక్కన కూర్చుని, గరిటె తన చేతిలోకి తీసుకుని, ఒక్కొక్కరినీ ఒక ప్రశ్న అడగడం మొదలుపెట్టాడు. జవాబు చెబితేనే గరిటె కుండలోకి వెళ్లేది.

"ముల్లంగీ, దువ్వెన నాటకంలో వాన ఎందుకు కురుస్తుంది?"

"వానాకాలం కాబట్టి."

"పక్కన కూర్చో. స్యూ-గిన్, నువ్వు చెప్పు."

స్యూ-గిన్ అక్క ఆవలిస్తూ, "తల్లి ఏడవకుండా బిడ్డని పరాయివాడి చేతిలో పెట్టింది. ఆమె బదులు ఆకాశం ఏడ్చింది. పెట్టు" అని గిన్నె చాపేది. అక్కకి అన్నం పడేది. ముల్లంగి మాత్రం గిన్నె పట్టుకుని, "ఆకాశం ఏడిస్తే అన్నం, వాన పడితే పస్తా? ఇదేం న్యాయమండీ?" అని గొణిగేవాడు.

స్యూ-గిన్ అక్క గురించి చెప్పాలి. అరవై దాటిన మనిషి. ఆమె తల్లి కూడా మా ట్రూపులోనే వేషాలు వేసేది. పసిగుడ్డుగా ఉన్నప్పుడు అక్కని బట్టల పెట్టెలో పడుకోబెట్టి, తల్లి వేదికెక్కి వేరే బిడ్డ కోసం ఏడ్చి వచ్చేదట. అక్కకి ఇల్లు లేదు, మొగుడు లేడు, ట్రూపు తప్ప ఊరు లేదు. తల్లి వేషాల్లో ఆమెను మించినవాళ్లు ఆ తీరంలో లేరు. నేను మగవేషాలు వేసేదాన్ని. నా మొదటి మీసం అంటించిందీ ఆమే. ఎన్ని నాటకాల్లో నన్ను కన్నదో, ఎన్నిటిలో పెళ్లాడిందో లెక్కలేదు.

చిక్కు అక్కడే వచ్చింది.

ఒక ఊళ్లో నేను ఆమె కొడుకుని. పరీక్షలు రాయడానికి రాజధానికి బయలుదేరాను. ఆమె నా చేతిలో మూట పెట్టి దీవించాలి. మూట పెట్టింది. తర్వాత నా చొక్కా చేతిని పట్టుకుని, కళ్లు వాల్చి, కొత్త పెళ్లికూతురిలా సిగ్గుపడుతూ, "స్వామీ, చలికాలం రాకముందే తిరిగి రండి. మన పానుపు చల్లబడుతుంది" అని పాట ఎత్తుకుంది.

ముందు వరసలో ఉప్పు రైతులు వక్కలు నమలడం ఆపేశారు.

అక్క వేరే నాటకంలోకి వెళ్లిపోయిందని నాకు అర్థమైంది. ఆ నాటకంలో నేను ఆమె మొగుణ్ణి. మాకు ఇది కొత్త కాదు. తలలో వంద కథలు పెట్టుకుని తిరిగేవాళ్లం, ఎప్పుడో ఒకప్పుడు గుమ్మం మారుతుంది. కానీ ఎవరైనా నెలకో రెండు నెలలకో ఒకసారి తడబడితే, అక్క ఆ మధ్య వారం వారం తడబడుతోంది.

నేను ఆమె రెండు చేతులూ పట్టుకుని, "అమ్మా, నాన్నగారు గుర్తొచ్చారా? నేను అచ్చం ఆయనలాగే ఉంటానని ఊరంతా అంటుంది" అన్నాను. జనం చప్పట్లు కొట్టారు. ఒక ముసలాయన కళ్లు తుడుచుకున్నాడు. తెర పక్కన నిలబడిన మా యజమానురాలు ఆ-ఖిమ్ మాత్రం కొట్టలేదు.

ఆ-ఖిమ్ చెడ్డది కాదు. తల్లి నుంచి ట్రూపూ, ట్రూపుతో పాటు తలనొప్పీ వారసత్వంగా వచ్చాయి. మర్నాడు అందరి ముందూ కాకుండా, మా అన్నాచెల్లెళ్లనీ అక్కనీ మాత్రం లారీ వెనక్కి పిలిచింది.

"అక్కా, నీ కాళ్లకి దణ్ణం పెట్టి చెబుతున్నా. వచ్చేది సముద్రపు అమ్మవారి పుట్టినరోజు. ఎదురుగా ఇంకో ట్రూపుని కూడా నిలబెడుతున్నారు. ఎవరి ముందు జనం ఎక్కువ ఉంటే వచ్చే ఏడాది వాళ్లకే పిలుపు. అక్కడ గనక నువ్వు దారి తప్పితే ఇంక వేషం లేదు. బట్టల పెట్టెల దగ్గర కూర్చుందువు గాని. అన్నం ఎక్కడికీ పోదు."

"పెట్టెలోనే పడుకుని పెరిగాను, మళ్లీ పెట్టె దగ్గరే కూర్చోమంటున్నావు" అంది అక్క. "మరి మధ్యలో ఆడిందంతా ఎవరే?"

ఆ-ఖిమ్ చెప్పు కాలితో నేల గీస్తూ నిలబడింది. ఆ మధ్యాహ్నం అక్క వాన గురించి సరిగ్గానే చెప్పి, గరిటెడు అన్నం పెట్టించుకుని, సగం వదిలేసి లేచింది. అన్నం వదిలిన స్యూ-గిన్ అక్కని మేమెవరం అంతకుముందు చూడలేదు.

నేను అన్నయ్య వెంటపడ్డాను.

"అన్నయ్యా, ఈ ఒక్కసారికి నీ ప్రతీకలు కట్టిపెట్టు. అక్కకి కథ చెప్పు. ముందు ఇది, తర్వాత ఇది, ఆ తర్వాత ఇది. చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పు."

"చెప్పను."

"ఎందుకు చెప్పవు?"

"దువ్వెన ఎందుకు విరిగిందో ఆమె ఇంకా సరిగ్గా చెప్పడం లేదు."

"దువ్వెన సంగతి తర్వాత చూడొచ్చు. ఆమె బతుకు పోయేలా ఉంది."

"అందుకే దువ్వెన సంగతి ముందు చూడాలి."

"నీతో మాట్లాడటం కంటే డోలుతో మాట్లాడటం నయం. కనీసం కొడితే పలుకుతుంది."

"డోలు ఎందుకు బోలుగా ఉంటుందో తెలుసా?" అన్నాడు. నేను అక్కడ నిలబడలేదు.

ఆ వారమంతా ఆయన ఇంకా రెచ్చిపోయాడు. అన్నం దగ్గర ఒక ప్రశ్న కాస్తా రెండు, రెండు కాస్తా నాలుగు అయ్యాయి. ప్రతి ప్రశ్నా దువ్వెన గురించో, వంతెన గురించో, వాన గురించో. ముల్లంగి లారీ కింద దాక్కుని బిస్కెట్లు తినేవాడు. అన్నయ్య వంగి చూసి లారీ కిందికే ప్రశ్న పంపేవాడు. అందరం అడ్డదిడ్డంగా చెప్పేవాళ్లం, చివరికి ప్రశ్న అక్క దగ్గరికి చేరేది. అక్క విసుగ్గా చెప్పేది. ఆయన "ఊఁ, ఇంకోలా చెప్పు" అనేవాడు. ఆమె ఇంకోలా చెప్పేది.

పుట్టినరోజు వచ్చింది. గుడి ముందు మా వేదిక, దానికి ఎదురుగా వాళ్ల వేదిక. వాళ్లకి రంగు దీపాలున్నాయి, పొగ వదిలే యంత్రం ఉంది, గాల్లో ఎగిరే కథానాయిక ఉంది. మాకు స్యూ-గిన్ అక్క ఉంది. మధ్యలో జనం, పీటలు చంకన పెట్టుకుని. ఎటు బాగుంటే అటు తిరగడమే వాళ్ల పని.

మధ్యాహ్నం ఆట మాది దువ్వెన నాటకం. కరువులో ఒక తల్లి తన పసిబిడ్డను వంతెన మీద ఒక వర్తకుడి చేతిలో పెడుతుంది. తన దువ్వెనను రెండు ముక్కలు చేసి, ఒకటి బిడ్డ మెడలో కడుతుంది. ఏళ్లు గడిచాక ఆ బిడ్డ న్యాయాధికారిగా అదే ఊరికి వస్తాడు. దొంగతనం మోపబడి ముసలి తల్లి అతని ముందు నిలబడుతుంది. ఆమె తన కథ చెప్పాలి, ముక్కలు రెండూ కలవాలి, తల్లీ కొడుకులు కలవాలి. అమ్మవారి ముందు ఆడే ఆట ఏడుపు దగ్గర ఆగకూడదు. ఆగితే ఆ ఏడు పడవలు సముద్రంలోకి దిగవని ఊరి నమ్మకం.

వంతెన రంగం బాగా నడిచింది. జనం సగానికి సగం మావైపే ఉన్నారు. న్యాయసభ రంగం వచ్చింది. నేను ఎత్తు కుర్చీ మీద గడ్డం నిమురుకుంటూ, "ముద్దాయీ, నీ మీద మోపిన నేరానికి ఏం చెప్పుకుంటావు?" అన్నాను.

అక్క మోకాళ్ల మీద ఉంది. నోరు తెరిచింది. మూసింది. చుట్టూ చూసింది. ఆ చూపు నాకు తెలుసు. ఏ ఇంట్లోకి వచ్చానా అని చూస్తున్న చూపు.

డోలువాడు కనిపెట్టి ఒక వరస వాయించాడు. మళ్లీ అదే వరస వాయించాడు. ఎదురు వేదిక మీద కథానాయిక గాల్లోకి లేచింది. వెనక వరసలో పీటలు కదిలాయి.

నేను ఏదో ఒకటి అందిద్దామని, "నీ చేతిలో ఉన్నదేమిటి?" అన్నాను.

అక్క చేతిలోకి చూసుకుంది. "దువ్వెన" అంది. తర్వాత ఎంతో మర్యాదగా నవ్వి, "తమరికి కావాలా?" అంది.

జనం కిసుక్కుమన్నారు. తెర పక్కన ఆ-ఖిమ్ రెండు చేతులతో మొహం కప్పుకుంది. కొడుకని నాకు నేనుగా చెబుదామంటే కుదరదు. తల్లి చెప్పేదాకా న్యాయాధికారికి ఏమీ తెలియదు. అదే నాటకం.

అప్పుడు ఎడమపక్క తెర తొలగించుకుని కోర్టు గుమాస్తా ఒకడు వచ్చాడు. దువ్వెన నాటకంలో గుమాస్తా లేడు. ఈయనకి నెత్తిన నల్ల టోపీ, మూతికి ఒకవైపే దిద్దిన మీసం, మోకాళ్లదాకా మడిచిన ప్యాంటు, కాళ్లకి నీలం ప్లాస్టిక్ చెప్పులు. మా అన్నయ్య జీవితంలో మొట్టమొదటిసారి వేదికెక్కాడు.

"అయ్యా, నేను ఈ సభలో గుమాస్తాని" అని నాకు దణ్ణం పెట్టాడు. "ముద్దాయిని ప్రశ్నించే హక్కు నాకు లేదు గానీ, ఆత్రం ఉంది."

జనం నవ్వారు. "అడుగు" అన్నాను, ఇంకేం అనాలో తెలియక.

ఆయన అక్క ముందు గొంతుక్కూర్చున్నాడు, అన్నం కుండ పక్కన కూర్చున్నట్టే. "ఏమ్మా, దువ్వెన ఎందుకు విరిగింది?"

అక్క మొహంలోకి మెల్లగా విసుగు వచ్చింది. అంత అందమైన విసుగు నేను ఏ మొహంలోనూ చూడలేదు. ఈ మనిషి మళ్లీ మొదలుపెట్టాడురా దేవుడా అన్న విసుగు.

"విరగలేదు. నేనే విరిచాను" అంది. "దానంతటది విరిగితే అది నష్టం. నా చేత్తో విరిస్తే అది మాట."

"ఎవరికిచ్చావు ఆ మాట?"

"బిడ్డకి."

"ఎక్కడ?"

"వంతెన మీద."

"వంతెన మీదే ఎందుకు? ఇంటి గుమ్మంలో ఇవ్వకూడదా?"

"గుమ్మంలో ఇస్తే లోపలికి పిలుచుకుంటాను. వంతెన మీదైతే కింద నీళ్లు పోతూ ఉంటాయి. నీళ్లని చూసి నేనూ పోనిచ్చాను." అక్క గొంతు మారింది. గుమాస్తాని పక్కకి నెట్టింది. లేచి నిలబడి నావైపు తిరిగింది. ఇప్పుడామె ఏ ఇంట్లో ఉందో ఆమెకి తెలుసు. "ఆ రోజు వాన పడింది దొరా. నేను ఏడవలేదు. నా బదులు అదే ఏడ్చింది" అని పాట అందుకుంది.

ఎదురు వేదిక మీద కథానాయిక ఇంకా గాల్లోనే ఉంది. కింద చూసేవాళ్లు లేరు. పీటలన్నీ మావైపు వచ్చేశాయి. ఉప్పు రైతుల ఆడవాళ్లు తలకి కట్టుకున్న గుడ్డలు విప్పి ముక్కులు తుడుచుకున్నారు. నేను మెడలోంచి దువ్వెన ముక్క తీసి అక్క చేతిలోని ముక్కకి ఆనించాను. ముక్కలు కలిశాయి. అమ్మవారి గుళ్లో గంట కొట్టారు.

అంతా సవ్యంగా ముగిసేదే. మా అన్నయ్య వెళ్లడం మర్చిపోయాడు.

తల్లీ కొడుకులం కావలించుకుని ఏడుస్తున్నాం. ఆయన మా మధ్య తల దూర్చి, "మరి దువ్వెనకి పళ్లు ఎందుకుంటాయమ్మా?" అన్నాడు. ముల్లంగి భటుడి వేషంలో పరిగెత్తుకొచ్చి, "గుమాస్తాగారూ, బయట మీ ఇల్లు తగలబడుతోంది" అన్నాడు.

"తగలబడనీ. నిప్పు దేనికి ప్రతీక?"

ముల్లంగి ఆయన్ని బియ్యం మూటలా భుజాన వేసుకుని తీసుకుపోయాడు. ఒక నీలం చెప్పు వేదిక మీద ఉండిపోయింది. జనం నవ్వీ నవ్వీ ఏడుపు ఎక్కడ ఆపారో మర్చిపోయారు.

ఆట అయ్యాక తెర వెనక అక్క పక్కన కూర్చుని రంగు తుడుచుకుంటున్నాను. "అక్కా, ఎంత అదృష్టమో చూడు. మా అన్నయ్య పిచ్చి ప్రశ్న ఇవాళ అక్కరకొచ్చింది" అన్నాను.

"అదృష్టమేంటే?" అంది అక్క. అద్దంలోంచి నావైపు చూసింది. "ఏది ముందో ఏది వెనకో నా బుర్రలో నిలవడం మానేసి చాలా కాలమైంది. మొదట పసిగట్టింది మీ అన్నే. నేను ఏడిస్తే, ముందూ వెనకా పోయినా, ఎందుకు అన్నది ఉందా అని అడిగాడు. ఉందన్నాను. అయితే దాన్ని పట్టుకుని నడువు, అది పోకుండా నేను చూస్తానన్నాడు."

"మరి మా అందరినీ ఎందుకు చంపుకుతిన్నాడు?"

"నన్నొక్కదాన్నే కూర్చోబెట్టి రోజూ అడిగితే మీకు తెలిసిపోదూ? స్యూ-గిన్‌కి మతి పోతోందని లోకమంతా అనుకోదూ? అందుకని అందరి ప్రాణాలూ తీశాడు. ముల్లంగి ఎన్ని పూటలు పస్తులున్నాడో పాపం. వాడికి నేను పెద్ద విందు పెట్టాలి." అని నవ్వి, "గుర్తుంటే" అంది.

అన్నయ్య లారీ మెట్టు మీద ఒంటి చెప్పుతో కూర్చుని ఉన్నాడు. నేను కళ్లు తుడుచుకుంటూ వెళ్లి ఆయన ఎదురుగా నిలబడ్డాను. ఆయన నా మొహం పరీక్షగా చూశాడు.

"మీసం చెంప మీదికొచ్చింది. తుడుచుకో" అన్నాడు. "న్యాయాధికారి అలా ఏడుస్తూ తిరిగితే ఊళ్లో దొంగలకి అలుసైపోతాం."

ఇంతలో ఆ-ఖిమ్ వచ్చింది. మొహం ఎర్రగా ఉంది. అక్క ఊసు ఎత్తలేదు. పెట్టెల ఊసు అసలే ఎత్తలేదు.

"మాస్టారూ, రేపటి ఆటలో కూడా గుమాస్తా ఉన్నాడా?"

"రేపటి కథ అడవిలో కదమ్మా. అడవిలోకి గుమాస్తా ఎందుకొస్తాడు?"

"అడవిలో ఏముంటాయి?"

"చెట్లుంటాయి."

"అయితే చెట్టు వేషం వెయ్యండి. ప్రశ్నలడిగే చెట్టు. అక్క వేషం వేసినన్నాళ్లు ఏ ఆటలోనైనా మీరుండాలి. చెట్టో పుట్టో నాకు తెలియదు."

మర్నాడు మా అన్నయ్య పచ్చగుడ్డ కప్పుకుని, రెండు చేతుల్లో వెదురు కొమ్మలు పట్టుకుని వేదిక మధ్యలో నిలబడ్డాడు. చెట్టుగా ఆయన ఏమాత్రం రాణించలేదు. మాట్లాడితే చేతులు ఊపడం అలవాటు. ప్రశ్న అడిగినప్పుడల్లా కొమ్మలు ఊగిపోయేవి, ముందు కూర్చున్న పిల్లలు గాలివాన వస్తోందని కేకలు వేసేవారు. అడవిలో దారి తప్పిన రాణిగా అక్క వచ్చింది. చెట్టు అడిగినవాటికి జవాబులు చెప్పుకుంటూ, కథలో ఎక్కడా దారి తప్పకుండా రాజ్యం పొలిమేరదాకా నడిచింది.

వెళ్లిపోతూ వెళ్లిపోతూ ఆగింది. వెనక్కి వచ్చి, చెట్టు మొదట్లో చతికిలబడి, అంగీ అంచుతో మెడ తుడుచుకుని, జనంవైపు తిరిగింది. ఆ మాట ఏ మాస్టారూ ఆమెకి చెప్పలేదు.

"ఈ చెట్టుకి వాగుడెక్కువ" అంది. "నీడ మాత్రం బాగుంటుంది."